మార్కులు వెయ్యని ఆట

పోయిన సంచికలో బ్యాంకు ఖాతాలకు నామినీ పేరు రాయించడం గురించి రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాలకు విడిగా జవాబులు పంపాను. ఈసారి లెక్కల జోలికి పోకుండా, ఐసు మీద ఆడే ఆట ఒకటి చూసిన సంగతి చెబుతాను.

మండికల్ వాడికి ఐసుతో పనేమిటని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చలికాలంలో నంది కొండ మీద కమ్ముకునే పొగమంచు తప్ప మా చిక్కబళ్లాపురం వైపు మరో మంచు లేదు. తెలుగులో మంచు అనే ఒక్క మాటే పొగమంచుకూ, గడ్డిపరక మీది బిందువుకూ, హిమాలయాల మీది హిమానికీ సరిపోతుంది. గడ్డకట్టిన నీళ్లను మాత్రం ఐసు అనే అంటాం. నా చిన్నతనంలో ఐసు అంటే జాతరలో సోడాబండి వాడు రంపపుపొట్టు చల్లి గోనెసంచిలో చుట్టి తెచ్చే దిమ్మె. దాని మీద మనిషి నిలబడతాడంటేనే నమ్మేవాళ్లం కాము, నాట్యం చేస్తాడంటే నవ్వేవాళ్లం.

2018లో మార్చి క్లోజింగ్ ముగించుకుని, సెలవు పెట్టి న్యూజెర్సీలో ఉన్న మా చెల్లెలి ఇంటికి వెళ్లాను. మేనకోడలికి అప్పుడు తొమ్మిదేళ్లు. రెండేళ్లుగా స్కేటింగు నేర్చుకుంటోంది. నేను వెళ్లేనాటికి ఇంట్లో దాని మీద చిన్న రభస నడుస్తోంది. అంతకు ముందు వారం ఏదో పరీక్షలో పిల్ల పడిపోయింది, పాసు కాలేదు. "ఇంత డబ్బు పోసి, తెల్లవారుజామున లేపి తీసుకెళ్తే ఫలితమేమిటి? ఆ గంటన్నర లెక్కలు చేయిస్తే క్లాసులో ముందుంటుంది" అని మా బావ. "పిల్లకి ఇష్టమయినది ఒక్కటైనా ఉండనివ్వండి" అని చెల్లెలు. పిల్ల మాత్రం నోరు విప్పదు. ఆ బూట్లు కూడా కంటికి కనపడకుండా మంచం కిందికి తోసేసింది.

అలాంటి సమయంలో 'స్టార్స్ ఆన్ ఐస్' వాళ్ల బృందం దగ్గర ఊళ్లో ప్రదర్శన ఇస్తోందని తెలిసి, చెల్లెలు నలుగురికీ టికెట్లు కొన్నది. ఒలింపిక్సులో ఆడినవాళ్లు పోటీలయ్యాక ఊరూరా తిరిగి ఇచ్చే ప్రదర్శన అది. మన నాటక కంపెనీల వంటిదే అనుకోండి. గుడారం బదులు స్టేడియం, లారీల్లో తెరలు, అట్టకిరీటాల బదులు దీపాలు, దుస్తుల పెట్టెలు.

ముందు ఆ నేల సంగతి చెప్పాలి. ఉత్తర అమెరికాలో ఐసు హాకీ ఆడే స్టేడియం నేల 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉంటుంది. మన లెక్కలో పదిహేనున్నర గుంటలు. కింద కాంక్రీటులో గొట్టాలు వేసి, వాటిలో ఉప్పునీళ్లో, గడ్డకట్టని మరో ద్రవమో అతి చల్లగా తిప్పుతారు. పైన నీళ్లు పలచగా చల్లి, అది గడ్డకట్టాక మళ్లీ చల్లి, దోసె మీద దోసె పోసినట్టు పొరలు పేర్చుకుంటూ వస్తారు. మధ్యలో తెల్లరంగు కూడా కొడతారు. అందుకే అది పాలరాయిలా కనిపిస్తుంది. ఇంతా చేస్తే మందం అంగుళమో, మరికాస్తో. అంగుళమే అనుకుని పక్కసీటులో కూర్చుని లెక్క కట్టాను. సుమారు 40 వేల లీటర్ల నీళ్లు. వేసవిలో మా వైపు తిరిగే ట్యాంకరు ఆరువేల లీటర్లదనుకుంటే దాదాపు ఏడు ట్యాంకర్లు! బోరు వెయ్యి అడుగులు దిగినా తడి తగలని ఊరివాణ్ణి. నాకు ముందు ఆ నీళ్లే కనిపించాయి, నాట్యం తరవాత కనిపించింది. ఇంకో విశేషమేమంటే, ఆ ఐసు మీదే పలకలు పరిచి మర్నాడు బాస్కెట్‌బాల్ ఆడిస్తారు. ఒకే ఆస్తిని ఇన్ని రకాలుగా వాడుకోవడం చూస్తే ఏ బ్యాంకు మేనేజరైనా అప్పు మంజూరు చేస్తాడు.

దీపాలు ఆరిపోయాయి. రంగుల వెలుగు ఒకటి ఐసు మీద పడింది. ఆటగాళ్లంతా ఒక్కసారిగా దూసుకొచ్చారు. టీవీలో ఎన్నోసార్లు చూసినదే. అయినా రెండు సంగతులు టీవీలో తెలియవు. ఒకటి వేగం. కెమెరా ఆటగాడి వెంటే తిరుగుతుంది కాబట్టి అతను నెమ్మదిగా తేలుతున్నట్టుంటాడు. అక్కడ కూర్చుంటే, ఇప్పుడే ఈ మూల ఉన్నవాడు కన్నుమూసి తెరిచేలోగా ఆ మూల ఉంటాడు. రెండోది చప్పుడు. ఇనుప పలక ఐసును గీరుకుంటూ పోతుంటే, కొడవలి నూరేటప్పుడు వచ్చే చప్పుడు వంటిది 'సర్ర్'మని వస్తుంది. నాట్యమెంత మృదువుగా కనిపించినా అడుగున కత్తి ఉన్నదని ఆ చప్పుడు గుర్తు చేస్తూనే ఉంటుంది.

ఆ పలక మందం అయిదు మిల్లీమీటర్లకు మించదు. అడుగున సన్నని గాడి ఉండి, రెండువైపులా రెండు అంచులు తేలి ఉంటాయి. ఆటంతా ఆ అంచుల మీదనే. లోపలి అంచా, బయటి అంచా, ముందుకా, వెనక్కా అన్నదాన్ని బట్టి ప్రతి ఎగురుకూ ఒక పేరు. కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు మోపి నర్తకి కదులుతుందే, అది తలచుకుంటే కొంత అర్థమవుతుంది. కాకపోతే ఇక్కడ పళ్లెం పరుగెడుతూ ఉంటుంది, నర్తకి గాలిలోకి ఎగిరి తిరిగి అదే అంచు మీద, అదీ ఒంటికాలి మీద, దిగాలి.

ఎగురుళ్లలో ముఖ్యమైనవి ఆరు. వాటిలో ఆక్సెల్ అన్నది ఒక్కటే ముఖం ముందుకు పెట్టి ఎగిరేది. 1882లో ఆక్సెల్ పాల్సెన్ అనే నార్వే దేశస్థుడు చేసి చూపించాడు. ముందుకు ఎగిరి వెనక్కి దిగాలి కాబట్టి ఎప్పుడూ ఒక అరచుట్టు అదనం. నాలుగున్నర చుట్ల ఆక్సెల్‌ను పోటీలో మొదటిసారి సరిగ్గా దింపినవాడు ఇలియా మాలినిన్ అనే అమెరికా కుర్రవాడు. అది 2022లో. పాల్సెన్ కాలం నుంచి అక్కడికి చేరడానికి 140 ఏళ్లు పట్టింది. గాలిలో ఉండేది ఒక్క సెకను కూడా కాదు. చేతులు గుండెకు హత్తుకున్నకొద్దీ వేగం పెరుగుతుంది, చాచగానే తగ్గుతుంది. చూసేవాడికి మాయ. చేసేవాడికి మోకాళ్ల మీదా, నడుము మీదా పడే దెబ్బల లెక్క.

ప్రదర్శన మొదలైన అరగంటకు ఒక అమ్మాయి ఎగిరి, దిగేటప్పుడు కాలు జారి పడిపోయింది. పడడమంటే మెల్లగా కాదు, పది అడుగులు పక్కకు జారిపోయింది. మా మేనకోడలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ అమ్మాయి ఒక్క తాళం తప్పించుకుని లేచి, పాట ఎక్కడున్నదో అక్కడ కలిసిపోయింది. అప్పుడు స్టేడియం అంతా చప్పట్లు కొట్టింది. అంతకు ముందు బాగా ఎగిరినవాళ్లకు కొట్టినదానికంటె ఎక్కువే కొట్టింది.

పిల్ల నా చెవి దగ్గరకు వచ్చి అడిగింది.

"మామా, ఇప్పుడు ఈమెకి ఎన్ని మార్కులు పోతాయి?"

"ఇక్కడ మార్కులు లేవమ్మా."

"మరి జడ్జీలు?"

"వాళ్లూ లేరు. చూసేవాళ్లం మనమే."

ఆ తరవాత అది నా చెయ్యి వదిలేసి ముందుకు వంగి కూర్చుంది. మిగిలిన గంటన్నర మాట్లాడలేదు.

ఇక్కడ మార్కుల చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. పూర్వం ఈ ఆటకు ఆరుకు మార్కులు వేసేవారు. 1984 సరయెవో ఒలింపిక్సులో జేన్ టోర్విల్, క్రిస్టఫర్ డీన్ అనే బ్రిటిష్ జంట 'బొలేరో' సంగీతానికి నర్తిస్తే, కళ కింద తొమ్మిదిమంది జడ్జీలూ ఆరుకు ఆరు వేశారు. నాటింగ్‌హామ్‌కు చెందిన ఈ ఇద్దరిలో ఆమె అంతకుముందు ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తా, అతను పోలీసు కానిస్టేబులు. కౌంటరు వెనక కూర్చునేవాళ్లను తక్కువగా చూడకండని మనవి! అదే ఆరు మార్కుల పద్ధతి 2002 సాల్ట్‌లేక్ ఒలింపిక్సులో పరువు పోగొట్టుకుంది. జంటల పోటీలో ఫ్రెంచి జడ్జి మీద ఒత్తిడి వచ్చిందన్న గొడవ రేగి, చివరకు రష్యా జంటకూ కెనడా జంటకూ ఇద్దరికీ బంగారు పతకాలివ్వవలసి వచ్చింది. ఆ తరవాత పద్ధతే మార్చేశారు. ఇప్పుడు ప్రతి ఎగురుకూ, ప్రతి చుట్టుకూ విడివిడిగా లెక్క. మా బ్రాంచి ఆడిటు రిపోర్టులా ఉంటుంది.

మార్కులు మనిషిని ఏం చేస్తాయో ఆ ఏడాదే లోకం చూసింది. మేము చూసిన బృందంతో ఆ యేడు తిరిగినవాళ్లలో నేతన్ చెన్ ఒకడు. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు. ఫిబ్రవరిలో ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్సుకు బంగారు పతకం ఖాయమన్న ప్రచారంతో వెళ్లి, మొదటి విడతలో తడబడి 17వ స్థానానికి పడిపోయాడు. రెండో విడతలో అందరికంటె ఎక్కువ మార్కులు తెచ్చుకున్నా మొత్తం మీద అయిదోవాడయ్యాడు. మార్చిలో మిలాన్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ వెంటనే ఈ ఊరూరి యాత్ర. నాలుగేళ్ల తరవాత 2022లో బీజింగులో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. ఆ నడుమ ఒక వేసవంతా మార్కులు లేని జనం ముందు ఆడాడన్న సంగతిని పుస్తకాలెవరూ జమ వెయ్యరు. నేను వేస్తాను.

ఇలాంటి ప్రదర్శనలు కొత్తవేం కావు. 1928, 1932, 1936 ఒలింపిక్సుల్లో వరసగా మూడు బంగారు పతకాలు గెలిచిన నార్వే అమ్మాయి సోన్యా హెనీ తరవాత అమెరికా వెళ్లి, సినిమాల్లో నటిస్తూ, సొంత ఐసు ప్రదర్శనతో ఊళ్లు తిరిగింది. 1936లో 'ఐస్ ఫాలీస్', 1940లో 'ఐస్ కేపేడ్స్' వచ్చాయి. 'స్టార్స్ ఆన్ ఐస్' పుట్టుక మరీ చిత్రం. 1984లో స్వర్ణం గెలిచిన స్కాట్ హామిల్టన్ రెండేళ్లు 'ఐస్ కేపేడ్స్'లో పనిచేశాడు. యాజమాన్యం మారి అతణ్ణి వద్దనుకున్నారు. పని పోయిన మనిషి 1986లో తానే ఒక బృందం కట్టాడు. చిన్నప్పుడు జబ్బు చేసి ఎదుగుదల ఆగిపోయిన పొట్టి మనిషి అతను. జనం ముందు గాలిలో వెనక్కి పల్టీ కొట్టడం అతని ప్రత్యేకత.

ఆ పల్టీకి ఒక కథ ఉంది. 1976 ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్సులో టెర్రీ క్యూబికా దాన్ని చేసి చూపించాడు. ఆ తరవాత పోటీల్లో దాన్ని నిషేధించారు. 1998 నగానోలో ఫ్రాన్సుకు చెందిన సూర్యా బొనాలీ, మార్కులు పోతాయని తెలిసి తెలిసీ వెనక్కి పల్టీ కొట్టి ఒంటికాలి మీద దిగింది. పదో స్థానంతో సరిపెట్టుకుని, ఆపైన టూరింగు ప్రదర్శనల్లో ఏళ్ల తరబడి అదే చేసి జనాన్ని మురిపించింది. చివరకు 2024లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. అంటే, నియమావళి గెంటేసిన విద్యను సుమారు యాభై ఏళ్లపాటు అన్నం పెట్టి కాపాడింది ఊరూరా తిరిగే ఈ బృందాలూ, టికెట్టు కొన్న జనమూ.

తెరచాటు బతుకు కూడా చెప్పకపోతే లెక్క సరిపోదు. రష్యాకు చెందిన ఎకతెరీనా గోర్డియేవా, సెర్గేయ్ గ్రింకోవ్ పిల్లలుగా ఉన్నప్పుడే జంటగా కుదిరినవాళ్లు. 1988లోనూ, 1994లోనూ ఒలింపిక్ స్వర్ణం గెలిచారు. నడుమ 1991లో పెళ్లయింది, మరుసటి ఏడు కూతురు పుట్టింది. 1995 నవంబరు 20న లేక్ ప్లాసిడ్‌లో 'స్టార్స్ ఆన్ ఐస్' రిహార్సల్ చేస్తుండగానే అతను గుండె ఆగి ఐసు మీద కూలిపోయాడు. అతనికి 28 ఏళ్లు, ఆమెకు 24. మూడు నెలలకు, 1996 ఫిబ్రవరిలో, అతని స్మారక ప్రదర్శనలో ఆమె ఒంటరిగా ఐసు మీదికి వచ్చింది. చిన్నప్పటినుంచీ ఒక చెయ్యి పట్టుకుని తిరిగిన మనిషి ఆ చెయ్యి లేకుండా తిరిగింది. ఆ రోజు ఆమెకు ఎన్ని మార్కులు వెయ్యాలో చెప్పగల జడ్జి ఎవరు?

ఇదంతా చూస్తుంటే నాకు మన కంపెనీ నాటకాలు గుర్తుకు రావడం సహజం. మా ఇళ్లలో తెలుగు, బళ్లో కన్నడం. అందుకని మాకు రెండువైపులా బంధుత్వమే. తుమకూరు వైపు గుబ్బిలో 1884లో నాటక కంపెనీ పుట్టింది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస వారి కుటుంబం 'కీచకవధ' ఆడి సురభి సమాజానికి నాంది పలికింది. ఏడాది తేడాతో పుట్టిన కవలలన్నమాట. గుబ్బి వీరణ్ణగారు 'కురుక్షేత్ర'లో నిజం ఏనుగులనూ గుర్రాలనూ రంగస్థలం మీదికి తెచ్చారు. సురభివారు 'మాయాబజార్'లో మనుషుల్ని గాలిలో తేల్చారు. ఐసు లేకపోయినా అద్భుతానికి కొదవలేదు. అక్కడా జడ్జీలు లేరు. పద్యం నచ్చితే "వన్స్ మోర్!" అన్న కేక పడేది. నచ్చకపోతే బీడీ కాల్చుకోవడానికి జనం లేచి వెళ్లేవారు. అదే మార్కుల జాబితా. పసిపిల్లలు తెరవెనక ఉయ్యాలలో నిద్రపోయి, నడక రాగానే కృష్ణుడి వేషంలో తెరముందుకు వచ్చేవారు. తప్పితే సర్దుకునేవారు, మర్నాడు మళ్లీ ఆడేవారు. రోజూ ఆడేవాడికి నిన్నటి తప్పు పెద్ద బరువు కాదు. ఏడాదికొక్కసారి పరీక్ష రాసేవాడికే ఆ బరువంతా.

స్కేటింగు మనవాళ్లకు చేతకాదని అనుకోకండి. ఐసు లేని హైదరాబాదునుంచి అనూప్ కుమార్ యామా చక్రాల బూట్ల మీద ఇదే కళాత్మక స్కేటింగు నేర్చి, 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంస్య పతకాలు తెచ్చాడు. 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. మన దేశంలో సహజంగా గడ్డకట్టే స్కేటింగు మైదానం సిమ్లాలో 1920 నుంచీ ఉంది. కావలసింది నేల కంటె ముందు, పిల్ల పడ్డప్పుడు మొహం చిట్లించని నాలుగు కళ్లు.

అయితే ఈ టూరింగు బృందాలకూ రోజులు బాగాలేవు. 'ఐస్ కేపేడ్స్' ఎప్పుడో మూతపడింది. టామ్ కాలిన్స్ 1969లో మొదలుపెట్టిన ప్రదర్శనే తరవాత 'చాంపియన్స్ ఆన్ ఐస్'గా పేరుపొంది 2007తో ఆగిపోయింది. సురభిలోనూ ఒకప్పటి బృందాల్లో కొన్నే మిగిలాయి. కారణాలు వెతకనక్కరలేదు. ఇంట్లో కూర్చుని ఉచితంగా చూడగలిగినదానికి బయటికి వెళ్లి డబ్బు పెట్టడమెందుకన్నది ఒక్కటే. కామర్సు చదివినవాణ్ణి కనుక ఆ లెక్క నాకు తెలుసు. కాని ఆ లెక్కలో, పడి లేచిన మనిషికి అదే నిమిషంలో చప్పట్లు కొట్టే అవకాశం ఖర్చు కింద రాశామే గాని జమ కింద రాయలేదు.

ఆ రాత్రి కారులో మా బావ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత చెల్లెలితో, "పరీక్షలు రాయకుండా ఊరికే నేర్పుతారా వాళ్లు?" అని అడిగాడు. నేర్పుతారట. పిల్ల ఆ తరవాత పరీక్షలు కొన్ని పాసయింది, కొన్ని పోగొట్టుకుంది. పోటీల వైపు మాత్రం వెళ్లలేదు. ఇప్పుడు కాలేజీకి వెళ్లే వయసొచ్చింది. శనివారాల్లో చిన్నపిల్లలకు మొదటి పాఠం చెబుతుందట. ఏం చెబుతావని ఫోనులో అడిగాను. "ముందు ఎలా పడాలో చెబుతాను మామా" అన్నది. మోకాళ్లు వంచి, పక్కకు ఒరిగి, చేతులు దగ్గరికి తీసుకుని పడాలట. లేవడం రెండో పాఠమట.

చివరగా మన సంఘం కార్యవర్గానికి ఒక మనవి. ఉగాదికి పిల్లల పాటలు, పద్యాలు, నృత్యాలు పెడతాం. ప్రథమ, ద్వితీయ, తృతీయ అని ముగ్గురికి కప్పులిచ్చి, మిగిలిన ముప్పైమందిని ఏడుపు మొహాలతో ఇంటికి పంపుతాం. మన పిల్లలకు తెలుగులో నోరు విప్పే సందర్భమే ఏడాదికి రెండుసార్లు. దానికి కూడా మార్కులు వేస్తే రెండోసారి నోరు విప్పరు. వచ్చే ఉగాదికి పన్నెండేళ్ల లోపు పిల్లలకు పోటీ తీసేసి ప్రదర్శన మాత్రమే పెడదాం. పద్యం మధ్యలో మరిచిపోయిన పిల్లకు అందరికంటె గట్టిగా చప్పట్లు కొడదాం. కప్పుల ఖర్చు మిగులుతుంది. ఆ మిగిలినదానితో ఒక టూరింగు నాటక బృందాన్ని పిలిపించే మార్గం ఆలోచిద్దాం. చాలకపోతే నా వంతు చందా నేనే ముందుగా రాస్తాను.